భుజం దాకా

పరశురాములుకు అనుమానం పుట్టింది ఇంటి నుంచి ఫిర్యాదులు ఆగిపోయినప్పుడు.

ఏటా దసరా వెళ్లగానే అతను గొర్రెలను తోలుకుని నారాయణపేట పక్కనున్న తన ఊరి నుంచి హుజూర్‌నగర్ వైపు వెళ్తాడు. అక్కడ కాలువ కింద వరి కోసిన మళ్లలో మేపు దొరుకుతుంది. రాత్రి మందను ఎవరి మడిలో నిలిపితే ఆ రైతు ఎరువు దక్కినందుకు వడ్లు ఇస్తాడు. మళ్లీ వానలు పడేదాకా ఇంటికి రాడు. అన్ని నెలలూ ఇంట్లో ఉండేది ఇద్దరే, తల్లి గుర్వమ్మ, భార్య నాగరాణి. పెళ్లినాటి నుంచీ ఆ ఇద్దరికీ పడదు. పొద్దున తల్లి ఫోన్ చేసి కోడలు తనను చూసి ముఖం తిప్పుకున్నదని చెప్పేది. సాయంత్రం నాగరాణి చేసి, పిల్లలు లేరన్న మాట అత్త మళ్లీ ఎత్తిందని చెప్పేది. పరశురాములు గట్టు మీద కూర్చుని ఇద్దరికీ ఊ కొట్టేవాడు, విసుక్కునేవాడు. ఆ విసుగు అడుగున ఒక సుఖం ఉండేదని మాత్రం అప్పుడు తెలియలేదు. రెండు మళ్ల నడుమ గట్టులా ఉండేవాడు. ఎటు నీళ్లు పెట్టినా ముందు తనే తడిసేవాడు.

ఈ ఏడు చలి ముదిరాక ఆ ఫోన్లు పలచబడ్డాయి. చేసినా తల్లి అంతా మంచిగనే ఉన్నదనేది. కోడలి గురించి అడిగితే ఆమె కూడా మంచిగనే ఉన్నదనేది. నాగరాణి ఫోన్‌లో ముఖం చూపించడం మానేసింది. కెమెరా పగిలిందని చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే వెనక నుంచి తల్లి గొంతు వినిపించేది, ఏదో చెప్తూ, నవ్వుతూ. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండి నవ్వడం అతను ఎప్పుడూ వినలేదు.

అతనితో పాటు మంద వెంట ఉండే బీరన్న, వరుసకు తమ్ముడు, మేనకోడలి పెళ్లికని ఊరికి వెళ్లి వచ్చాడు. రొట్టెలు విప్పుతూ ఊరి కబుర్లు చెప్పాడు. చివర్లో నవ్వి, "వదిన సిన్మాల ఆమె లెక్క అయింది అన్నా. బుగ్గలు నిండినయి. కంటి రెప్పలకు వంకాయ రంగు పూసింది. ఎండ మొకం చూస్తలేదు, నీడ పట్టున కూసుంటాంది. నువ్వేమో ఈడ బురద తొక్కుతున్నవ్," అన్నాడు.

బీరన్న ఎగతాళికే అన్నాడు. పరశురాములు కూడా నవ్వాడు. తర్వాత గొర్రెలు తాగుతుంటే కాలువ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. నాగరాణి ముఖం బక్కది. పత్తి ఏరి ఏరి చెంపలు గుంటలు పడ్డ ముఖం. తను బయలుదేరిన రోజున భుజాలు లాగుతున్నాయని అన్నది. పత్తి పనికి లాగకుండా ఎట్లుంటాయని తను అన్నాడు. ఆ ముఖం నిండిందంటే ఏమిటి? రెప్పలకు రంగు పూసుకుందంటే ఎవరు చూడాలని? ఎవరో ఒకరిని ఊహించడానికి ప్రయత్నించాడు. ఊళ్లో ఒక్క మగవాడి ముఖమూ ఆ చోట ఇమడలేదు. ఇమడకపోవడంతో ఆ ఖాళీ ఇంకా పెద్దదైంది.

మందను బీరన్నకు అప్పగించి, ఇంటికి చెప్పకుండా బయలుదేరాడు. మిర్యాలగూడలో ఒక బస్సు, దేవరకొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఇంకొకటి మారాడు. దారంతా దగ్గు.

మంద నుంచి వచ్చిన మనిషి గడప దాటడానికి ముందు ఇల్లాలు ఎదురొచ్చి కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోయాలి, భుజం మీది గొంగడి అందుకోవాలి. వాళ్లింట్లో అది తాత నాటి నుంచీ ఉన్న పద్ధతి. పరశురాములు వాకిట్లో ఆగి ఎదురుచూశాడు. అరుగు మీద నీడలో నాగరాణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. వెనక గుర్వమ్మ నిలబడి కోడలి తల దువ్వుతోంది. నాగరాణి అతన్ని చూసింది. పెదవులు కదిలాయి. లేవలేదు.

బీరన్న అబద్ధం చెప్పలేదు. ముఖం గుండ్రంగా ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. రెండు రెప్పల మీదా ముదురు వంకాయ రంగు. అతను గొంగడి భుజం మీదే ఉంచుకుని నిలబడ్డాడు. ఆమె లేవలేదు. దారిలో ఎన్నో విధాలుగా అల్లుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"ఎవలి కోసం గీ రంగులు?"

దువ్వెన ఆగింది. గుర్వమ్మ ఏదో అనబోతే నాగరాణి ఆపింది. ఆమె కోపంగా కూడా చూడలేదు.

"తుడువు," అంది. "వస్తదేమో చూడు."

అతను అరుగెక్కి బొటనవేలితో ఆమె రెప్ప మీద రాశాడు. రంగు రాలేదు. ఇంకొంచెం గట్టిగా రాశాడు. చర్మం కాస్త ఉబ్బి, గరుకుగా, వెచ్చగా ఉంది. అప్పుడు చూశాడు, ఆమె వేళ్ల కణుపుల మీద కూడా అదే రంగు బిళ్లలు. గుర్వమ్మ అతని చెయ్యి పట్టి లాగేసింది.

"కడగని చేతులతోని ముట్టకు బిడ్డను," అంది.

బిడ్డ అన్నది. పెళ్లినాటి నుంచీ ఏమే అని తప్ప పిలవని మనిషి.

ఆ పూటంతా తల్లి చెప్పింది, అతను విన్నాడు. మొదట భుజాలు. తర్వాత నీళ్ల బిందె ఎత్తలేకపోయింది. కింద కూర్చుంటే లేవలేకపోయింది. తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి పోలేదు. ఊళ్లో సూదులు వేసే మనిషి బలానికని ఏవో ఎక్కించాడు. ఒకరోజు అన్నం గొంతులో అడ్డం పడి కళ్లు తేలేసింది. అప్పుడు మహబూబ్‌నగర్, అక్కడి నుంచి హైదరాబాదు పెద్ద దవాఖాన. తొడలో చిన్న కండ ముక్క కోసి తీసి పరీక్ష చేశారు. ఇది కండలకు వచ్చే వాపు జబ్బనీ, రెప్పల మీది రంగు కూడా దానిదేననీ, ఎండ తగలకూడదనీ, అంటుకునేది కాదనీ, ఎవరి తప్పూ కాదనీ డాక్టరమ్మ చెప్పిందట.

"మన మందకు కావలున్న కుక్కనే మన గొర్రెలను కరిస్తే ఎట్లుంటది? గట్లనట కొడుకా. ఒంట్ల ఉండి పెయ్యిని కాయాల్సిందే పెయ్యిని తింటాంది. గోలీలు ఇచ్చి ఆ కుక్కను పండవెట్టిన్రు. గోలీలకే మొకం ఉబ్బింది. కుక్క పండుకుంటే తోడేలు రాదా మరి? ఎవలన్న దగ్గినా తుమ్మినా ఈమెకు తగులుకుంటది. నీకు దగ్గున్నది. దొడ్లె పండు."

తనకెందుకు చెప్పలేదని అడిగాడు. చెప్తే మందను వదిలేసి వస్తాడని ఇద్దరం అనుకున్నామంది తల్లి. ఇద్దరం అనే మాట ఆమె నోట ఎంత తేలికగా వచ్చిందో అతను గమనించాడు.

అనుమానం ఆ పూటే చచ్చింది. సిగ్గుపడ్డాడు కూడా. కానీ దొడ్డిలో, గొర్రెలు లేని ఖాళీ నేల మీద గొంగడి పరుచుకుని పడుకుంటే తెలిసింది, కడుపులో మంట అట్లాగే ఉంది. మగవాడెవడూ లేడని తేలింది. అయినా ఆ ఖాళీ చోట ఎవరో ఉన్నారు. ఇన్ని రోజులూ దాన్ని మగ ముఖాలతో నింపాలని చూసినందుకే ఇమడలేదు. అక్కడున్నది తన తల్లి.

నాగరాణికి ముద్ద మింగడం ఇంకా కష్టమే. జొన్న గట్కను జావలా పలచగా చేసి, గడ్డం కిందికి వంచమని చెప్తూ గుర్వమ్మ తినిపించేది. గొంతు కదిలేదాకా తనూ ఊపిరి బిగపట్టేది. అత్త చూపు ఒకటి, కోడలి తల వంపు ఒకటి, అంతే, పనులు జరిగిపోయేవి. నాగరాణి సగం మాట అంటే రెండో సగం గుర్వమ్మ అందించేది. దవాఖానలో లిఫ్టు ఎక్కడం గురించి ఏదో అనుకుని ఇద్దరూ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఏమైందని అతను అడిగితే, నీకు చెప్పినా తెల్వదిలే అంది నాగరాణి. దూరంగా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, అరుగు చివర కూర్చున్న అతను కూడా గుడ్డ చాటున నవ్వినట్టు చేశాడు.

ఎవరి మీద ఈ మంట అని తనను తాను అడుగుతూనే ఉన్నాడు. భార్యను ముట్టుకునే హక్కు తన నుంచి తల్లికి పోయినందుకా? అది నిజమే. కానీ తల్లి నూనె చేత్తో నాగరాణి మాడు మీద రాస్తున్నప్పుడు అతని మాడు జివ్వుమనేది. లాగు తొడుక్కునే ఈడులో ఆ వేళ్లు తన జుట్టులో తిరిగాయి. తర్వాత ఎప్పుడో ఆగిపోయాయి, ఎప్పుడో గుర్తులేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి తలపుకు కూడా రాలేదు. ఇప్పుడు ఆ వేళ్లు వేరొకరి తలలో తిరుగుతుంటే తన సొత్తు ఎవరో తింటున్నట్టు ఉంది. తల్లిని చూస్తే భార్య కోసం కుళ్లు, భార్యను చూస్తే తల్లి కోసం కుళ్లు. రెండు వైపులా పదునున్న ఆ కత్తికి పిడి ఎక్కడో అతనికి దొరకలేదు.

మర్నాడు గుర్వమ్మ స్నానానికి వెళ్లినప్పుడు నాగరాణి కుర్చీలోంచి లేవాలంది, అత్తను పిలవమంది. అతను చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి తనే లేపుతానన్నాడు. బలం లేని గొర్రెను ఎట్లా లేపాలో అతనికి తెలుసు. ఎన్నిటినో వాగుల్లోంచి ఎత్తాడు. ఆమె చంకల కింద చేతులు పెట్టి పైకి లాగాడు. ఆమె భుజాలు ఆ బరువును పట్టుకోలేదు, పైకి జారి చెవులను తాకాయి. నడుము కిందనే ఉండిపోయింది. ఆమె అరవలేదు. పళ్లు బిగబట్టి, "గట్ల కాదు," అంది.

"ఎట్లనో చెప్పు."

"చెప్తే రాదు. అత్తను పిలువు."

గుర్వమ్మ తడి చీరతోనే వచ్చింది. కోడలి మోకాళ్లకు తన మోకాళ్లు ఆనించి, నడుము దగ్గర చీర మడతలు పిడికిట పట్టి, తను వెనక్కి వాలింది. నాగరాణి ముందుకు వంగి అత్త మెడ మీద గడ్డం ఆనించింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ కుర్చీ పట్టుకోమని అడగలేదు.

మరుసటి రోజు ఎండపూట గుర్వమ్మ పాలకని వెళ్లింది. పరశురాములు దొడ్డిలో కంపను సరిచేస్తున్నాడు. అక్కడి నుంచి ఇంటి వెనక కిటికీ కనిపిస్తుంది. నాగరాణి గోడకు కొట్టిన అద్దం ముందు కూర్చుని ఉంది. ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టి పైకి ఎత్తింది. తర్వాత ఎడమ చెయ్యి తీసేసింది. కుడి చెయ్యి పడిపోలేదు. వణుకుతూ పైకి పోయి పాపిట మీద ఆగింది. కిటికీ అరుగు మీద దువ్వెన ఉంది. దాన్ని తీసుకుని నుదుటి మీది జుట్టును వెనక్కి దువ్వింది, మెల్లగా, ఆగి ఆగి, ఇంకోసారి. అద్దంలో తనను చూసుకుంది. ఆ తర్వాత దువ్విన జుట్టును వేళ్లతో చెరిపి, ముందు ఎట్లా ఉందో అట్లా చేసి, దువ్వెనను ఎక్కడిదక్కడ పెట్టేసింది.

పరశురాములు చేతిలో కంప అట్లాగే ఉంది. ముల్లు దిగింది కూడా. ఆమె చెయ్యి లేస్తోంది. మందు పని చేస్తోంది. ముందు సంతోషం కలగాలి. కలిగింది, కానీ రెండోదిగా. మొదట కలిగింది వేరే. అమ్మకు ఈ సంగతి తెలియదు అనుకున్నాడు. ఆ తలపు నోట్లో బెల్లంలా కరిగింది. ఈ ఇంట్లో అమ్మకు తెలియంది ఒకటి ఉంది, అది తనకు తెలుసు.

సాయంత్రం గుర్వమ్మ ఎప్పటిలాగే కోడలి వెనక నిలబడింది. నాగరాణి కళ్లు మూసి తల వెనక్కి వాల్చింది. గుర్వమ్మ దువ్వెన ఆడిస్తూ, ఈ చెయ్యి ఎప్పుడు లేస్తదో బిడ్డా అని పాట పాడినట్టు అంది. పరశురాములు అరుగు చివర నుంచి చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఒక్క మాట అంటే ఆ దువ్వెన ఆగిపోతుంది. రేపటి నుంచి ఆ తల ఆ చేతుల్లో ఉండదు. గొంతు దానంతట అదే తెరుచుకుంది.

"అమ్మా, ఆమె చెయ్యి..."

నాగరాణి కళ్లు తెరిచింది. వంకాయ రంగు రెప్పల కింద నుంచి సూటిగా అతన్ని చూసింది. బతిమాలలేదు, బెదిరించలేదు. చూసింది, అంతే.

"...చెయ్యి మీద ఎండ వడుతాంది. కుర్చీ జర జరుపు," అన్నాడు.

గుర్వమ్మ కుర్చీ జరిపింది.

తర్వాత తల్లి పొయ్యి దగ్గర ఉన్నప్పుడు అతను కిటికీ అవతల నిలబడి, ముక్కు గుడ్డ సర్దుకుని, ఎందుకు దాస్తున్నావని అడిగాడు. నాగరాణి పొయ్యి వైపు ఒకసారి చూసింది.

"నేనొచ్చి ఇన్నేండ్లాయె. ఒక్కనాడన్న నా తల మీద చెయ్యి వెట్టిందా మీ అమ్మ? చెయ్యి లేస్తాందంటే దువ్వెన నా చేతిల వెట్టి పోతది. ఇంకొన్ని దినాలు దువ్వనీ."

"నాకు చెప్పినవ్ గద," అన్నాడు. గొంతులో ఆశ తనకే వినిపించింది.

"నీకెక్కడ చెప్పిన? నువ్వు చూసినవ్."

అయినా అతనికి అది చాలు అనిపించింది. ఆ రాత్రి దొడ్డిలో బాగా నిద్రపట్టింది. చెప్పినా, చూసినా, తనకూ ఆమెకూ నడుమ తల్లి లేని ఒక చోటు దొరికింది. బీరన్న ఫోన్ చేసి, గొర్రెలు ఈనుతున్నాయి, ఒక్కడితో కాదు, రమ్మన్నాడు. పరశురాములు వెళ్తానన్నాడు. వచ్చిన రోజున ఈ మాట విని ఉంటే వెళ్లేవాడు కాదు. ఇప్పుడు ఆ చోటును మూట కట్టుకుని తీసుకుపోవచ్చు.

పొద్దున గుర్వమ్మ జొన్న రొట్టెలు, మిరపకారం గుడ్డలో కట్టి వాకిలి దాకా వచ్చింది. నాగరాణి అరుగు మీద కుర్చీలో ఉంది, మాటలు వినపడనంత దూరంలో. గుర్వమ్మ మూట ఇస్తూ గొంతు తగ్గించింది.

"ఆమె చెయ్యి లేస్తాంది. నీకు ఎర్కనా?"

అతను మూట అందుకోబోయి ఆగాడు.

"నీకెట్ల ఎర్క?"

"దువ్విన ప్రతిసారి దువ్వెనకున్న ఎంటికలు తీసి, చుట్టి, గోడ సందుల వెడ్త. ఎంటికలు కొనేటోడు వస్తే గిన్నె ఇస్తడని. వారం నుంచి చూస్తున్న, ఊడ్చిన దువ్వెనకు మల్ల కొత్త ఎంటికలు ఉంటున్నయి. ఇంట్ల ఇంకెవలున్నరు దువ్వుకునేటందుకు? నీకేమో నెత్తి మీద ఎంటికలే లేకపాయె."

నవ్వింది. అతను నవ్వలేదు. నిన్నటి నుంచి దాచుకున్న చోటులో తల్లి వారం నుంచే కాపురం ఉంటోంది.

"మరి ఆమెకు చెప్పినవా?"

"ఎందుకు చెప్పాలె? చెప్తే రేపటి నుంచి తనే దువ్వుకుంటది. మల్ల నేనెవలి వెనక నిలవడాలె?" గుర్వమ్మ అతని భుజం మీది గొంగడి సర్దింది. "నువ్వు చెప్పకు. దానికి తెల్వనీయకు."

పరశురాములు మూట చంకన పెట్టుకున్నాడు. ఈమె చెప్పకంటోంది. ఆమె చెప్పకంటోంది. మళ్లీ గట్టు మీదికి వచ్చాడు. రెండు వైపుల నీళ్లూ మళ్లీ తనకే తగులుతున్నాయి. ఒకప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పిన చాడీలను మోశాడు. ఇప్పుడు ఒకరి కోసం ఒకరు దాచుకున్నదాన్ని మొయ్యాలి. అదే పని. కానీ ఆ చాడీల్లో, వాటిని వినే మనిషిగా, తనకు కొంత చోటు ఉండేది. దీనిలో అతను లేడు. ఇది పూర్తిగా వాళ్లిద్దరిదే. తన చేతిలో ఉన్నా తనది కాదు.

కట్ట తెగ్గొట్టడానికి ఇప్పుడైనా ఒక్క మాట చాలని తెలుసు. అరుగు వైపు తిరిగి గట్టిగా అంటే ఇద్దరికీ వినిపిస్తుంది. తిరిగాడు.

నాగరాణి అతన్నే చూస్తోంది. పోయి వస్తానన్నట్టు అతను చెయ్యెత్తాడు. ఆమె కూడా చెయ్యి లేపింది. ఒడిలోంచి పొట్ట దాకా, పొట్ట నుంచి రొమ్ము దాకా, మెల్లగా. భుజం దాకా వచ్చి అక్కడ ఆగింది. వేళ్లు గాలిలో కొంచెం కదిలాయి.

ఆ చెయ్యి ఇంకా పైకి పోగలదని అతనికి తెలుసు. పక్కన నిలబడిన తల్లికీ తెలుసు. అత్త చూస్తున్నదనే అది అక్కడ ఆగింది.

"పాపం, గంతే లేస్తది," అంది గుర్వమ్మ, కోడలికి వినపడేంత గట్టిగా.

నాగరాణి చెయ్యి నిజంగానే అలసినట్టు ఒడిలోకి జారింది. పరశురాములు, ఎత్తిన తన చెయ్యి ఇంకా తల పైనే ఉందని చూసుకుని, దాన్ని దించుకుని, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.